సాగర్, శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో వేటకు ఏ పడవ కొనాలి? పుట్టి నుంచి ఫైబర్ బోటు దాకా తెలుసుకోవాల్సిన విషయాలు

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు సముద్రం లేదు. కానీ నీళ్లకు కొదవ లేదు. నిండినప్పుడు సుమారు 285 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకునే నాగార్జునసాగర్ ఉంది. దానికి ఎగువన అంతకు రెట్టింపు విస్తీర్ణంలో శ్రీశైలం జలాశయం ఉంది. ఇంకా జూరాల, కోయిల్‌సాగర్, డిండి, మూసీ, ఉదయసముద్రం లాంటివి ఉన్నాయి. నేరెడుగొమ్ము మండలంలో సాగర్ ఒడ్డున ఉన్న వైజాగ్ కాలనీ పేరు వింటేనే తెలుస్తుంది. విశాఖ తీరం నుంచి వేటకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాల వల్ల వచ్చిన పేరది. సోమశిల, జూరాల వైపు చూస్తే ముదిరాజ్, గంగపుత్ర, బెస్త కుటుంబాలు తరతరాలుగా కృష్ణమ్మ మీదే బతుకుతున్నాయి.

ఈ కుటుంబాల్లో ఇల్లు తర్వాత పెద్ద ఖర్చు పడవే. పడవ తప్పుగా ఎంచుకుంటే రెండు విధాల నష్టం. ఒకటి అప్పు, రెండోది ప్రాణం. 2007 జనవరిలో కొల్లాపూర్ ప్రాంతంలో కృష్ణానది దాటుతున్న పడవ మునిగి 61 మంది చనిపోయారు. 2020 ఆగస్టులో నారాయణపేట జిల్లా, రాయచూరు సరిహద్దులో వరద నీటిలో పుట్టి తిరగబడి నలుగురు గల్లంతయ్యారు. ఈ రెండూ వేట పడవల ప్రమాదాలు కావు, మనుషులను దాటించేటప్పుడు జరిగినవి. కానీ వేటకు వాడే పడవ మీదే జాతరకు, చుట్టాల ఊరికి మనుషులను ఎక్కించడం ఈ ప్రాంతంలో మామూలే. అందుకే పడవ కొనేటోళ్లు ఈ పాఠం మర్చిపోకూడదు.

ముందు నీళ్లను చూడాలి, తర్వాత పడవను

దుకాణంలో పడవ చూసి మనసు పడటం కాదు, మొదట ఏ నీళ్లలో తిరగాలో తేల్చుకోవాలి.

సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, కనీస మట్టం 510 అడుగులు. అంటే ఒకే ఏడాదిలో నీరు 80 అడుగుల దాకా కిందికి పోవచ్చు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. అక్కడ కూడా ఎండాకాలం వచ్చేసరికి నీరు చాలా దూరం వెనక్కి పోతుంది. అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి ఏటా మునిగి ఏటా తేలడం అందరూ చూసేదే. గుడి తేలినట్టే పాత ఊళ్ల గోడలు, రాళ్లు, చెట్ల మొద్దులు కూడా నీటి పైకి వస్తాయి. పైకి కనిపించేవాటి కంటే అడుగు లోతులో దాగి ఉన్నవే ఎక్కువ ప్రమాదం.

దీన్నిబట్టి పడవకు మూడు పరీక్షలు పెట్టాలి. ఒకటి, తక్కువ లోతులో కూడా తేలాలి. రెండు, రాయి తగిలితే పగలకూడదు, పగిలినా మునగకూడదు. మూడు, నీళ్లు దూరం జరిగినప్పుడు బురదలో ఇద్దరు ముగ్గురు కలిసి లాగగలిగేంత బరువే ఉండాలి.

ఇక గాలి. జలాశయంలో అలలుండవు అనుకోవడం పొరపాటు. గాలి ఎంత దూరం అడ్డు లేకుండా నీటి మీద వీస్తే అల అంత లేస్తుంది. డిండి, కోయిల్‌సాగర్‌లో ఆ దూరం తక్కువ. సాగర్ మధ్యలో, సోమశిల దగ్గర వెడల్పైన చోట ఆ దూరం ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట వచ్చే ఈదురుగాలి పావుగంటలో నీళ్లను మార్చేస్తుంది. చిన్న ప్రాజెక్టులో ఏళ్ల తరబడి హాయిగా నడిచిన పుట్టి సాగర్ నడిమధ్యలో నిలవాలని లేదు.

పుట్టి: చవక, తేలిక, కానీ హద్దులున్నాయి

వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, పైన పట్టా కప్పి, తారు పూసి చేసేదే పుట్టి. హరిగోలు అని కూడా అంటారు. పూర్వం తోలు కప్పేవారు. కృష్ణా, తుంగభద్రల్లో వందల ఏళ్లుగా ఉన్న పడవ ఇది. అడుగు చదునుగా ఉండటం వల్ల మోకాలి లోతు నీళ్లలోనూ తేలుతుంది. రాయి తగిలితే వెదురు వంగుతుంది గానీ వెంటనే విరగదు. ఒక్కడే భుజానికెత్తుకుని మోసుకుపోవచ్చు. చిరిగితే ఒడ్డునే అతుకు వేసుకోవచ్చు.

దీని హిసాబ్ ఇలా ఉంటుంది. నీటిని తాకే చోట 2 మీటర్ల వెడల్పున్న పుట్టి అడుగు విస్తీర్ణం సుమారు 3.14 చదరపు మీటర్లు. అది ఒక్క సెంటీమీటరు కిందికి దిగితే 31 లీటర్ల నీటిని పక్కకు నెడుతుంది. అంటే ప్రతి 31 కిలోల బరువుకు పుట్టి ఒక సెంటీమీటరు దిగుతుంది. పుట్టి బరువు 60 కిలోలు, మనిషికి 65 కిలోల చొప్పున ఇద్దరు, వల, చేపలు కలిపి 100 కిలోలు అనుకుందాం. మొత్తం 290 కిలోలు. దిగేది 9 సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ. ఆరుగురు ఎక్కినా 15 సెంటీమీటర్లు దాటదు.

మరి పుట్టి ఎందుకు మునుగుతుంది? బరువు వల్ల కంటే బరువు ఒకే వైపు జరగడం వల్లనే. గుండ్రంగా ఉన్న పడవకు ముందు, వెనక అనేవి లేవు. నలుగురు ఒక్కసారి ఒక వైపు వంగితే అంచు నీళ్లలోకి పోతుంది. వరదలో సుడి తగిలితే గిర్రున తిరుగుతుంది, తెడ్డుకు లొంగదు. అందుకే పుట్టి ఇద్దరి వేటకు, ఒడ్డు దగ్గర వేటకు, నిలకడ నీటికి మంచిది. వరద కాలంలో నది దాటడానికి, పదిమందిని ఎక్కించడానికి పనికిరాదు.

ఇప్పుడు వెదురు బదులు ఫైబర్‌తో చేసిన పుట్టిలు కూడా వస్తున్నాయి. తారు పూసే పని తప్పుతుంది, ఎక్కువ కాలం నిలుస్తాయి. కానీ ఆకారం అదే కాబట్టి తిరగబడే గుణం కూడా అదే.

థర్మాకోల్ తెప్పతో జాగ్రత్త

థర్మాకోల్ దిమ్మెలను సంచుల్లో చుట్టి కట్టిన తెప్పలు, ట్రాక్టర్ ట్యూబులు చిన్న చెరువుల్లో చాలామంది వాడుతున్నారు. ఖర్చు దాదాపు లేదు. కానీ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పెట్రోల్ తగిలితే థర్మాకోల్ కరిగిపోతుంది. తెప్ప మీద పెట్రోల్ డబ్బా పెట్టి లీక్ అయితే తేల్చే దిమ్మే మాయమవుతుంది. ట్యూబుకు తుమ్మ ముల్లు గుచ్చుకుంటే ఇంక చెప్పేదేముంది. మోకాలి లోతు కుంటలో సరే, ప్రాజెక్టులో వద్దు.

ఫైబర్ బోటు: కొనేటప్పుడు ఏం చూడాలి

ఇప్పుడు పెద్ద జలాశయాల్లో ఎక్కువమంది చూపు ఫైబర్ బోటు మీదే. గ్లాస్ ఫైబర్ చాపలను రెజిన్‌తో పొరలు పొరలుగా అతికించి చేస్తారు. చెక్క పడవలా కుళ్లదు, చెద పట్టదు, ఏటా కీలు పూయక్కర్లేదు. సాగర్, శ్రీశైలం లాంటి చోట్ల ఇద్దరు ముగ్గురి వేటకు 16 నుంచి 20 అడుగుల పొడవు, 4 నుంచి 5 అడుగుల వెడల్పు ఉన్నది సరిపోతుంది.

18 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న బోటు సుమారు 43 కిలోలకు ఒక సెంటీమీటరు దిగుతుంది. పొడవుగా ఉండటం వల్ల అలను చీల్చుకుంటూ తిన్నగా పోతుంది. వల వేసేటప్పుడు ఒకరు తెడ్డు పట్టుకుని దిశ నిలపగలరు.

అడుగు భాగం ఆకారం ముఖ్యం. సముద్రంలో దూరం పోయి సరదాకు పెద్ద చేపలు పట్టే చిన్న బోట్లకు, ముఖ్యంగా అమెరికాలో, అడుగు లోతైన ‘వి’ ఆకారంలో ఉంటుంది. పెద్ద అలను వేగంగా కోయడానికి అది కావాలి. కానీ అలాంటి బోటు నిలబడిన చోట పక్కకు ఊగుతుంది, ఎక్కువ లోతు అడుగుతుంది, పెద్ద ఇంజిన్ మింగుతుంది. మన జలాశయానికి ముక్కు దగ్గర ‘వి’, మధ్య నుంచి వెనక దాకా దాదాపు చదును ఉన్న అడుగు మేలు. కాకినాడ, విశాఖ నుంచి పాత సముద్రపు బోటు చవకగా వస్తుందని లారీ కిరాయి కట్టి తెచ్చుకునే ముందు దీన్ని ఆలోచించాలి. ఇసుక ఒడ్డు మీద పదిమంది కలిసి తోసే ఆ పెద్ద బోటును ఎండాకాలం బురదలో ఇద్దరు లాగలేరు.

అయితే సముద్రపు బోట్ల నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. నీళ్లతో నిండినా మునగకపోవడం. అందుకోసం సీట్ల కింద, ముక్కులో మూసిన గదులు కట్టి ఫోమ్ నింపుతారు. ఎంత ఫోమ్ కావాలి? 120 కిలోల ఫైబర్ బోటు నీళ్లలో మునిగితే దాని బరువు 45 కిలోల లోపే అనిపిస్తుంది. 40 కిలోల ఇంజిన్ 35 కిలోల దాకా కిందికి లాగుతుంది. ముగ్గురు పట్టుకుని తేలడానికి మనిషికి 10 కిలోల చొప్పున 30. మొత్తం 110. ఒక లీటరు ఫోమ్ దాదాపు ఒక కిలోను తేలుస్తుంది. కొంచెం ఎక్కువే వేసుకుని 150 లీటర్లు ఉంటే ప్రాణానికి భరోసా. ‘ఫోమ్ ఎన్ని లీటర్లు వేశారు, ఎక్కడెక్కడ వేశారు’ అని తయారీదారుని అడగాలి. జవాబు చెప్పలేనోడి దగ్గర కొనొద్దు. గదుల్లో థర్మాకోల్ నింపితే రెజిన్‌కూ పెట్రోల్‌కూ కరుగుతుంది కాబట్టి పాలీయురేథేన్ ఫోమ్ కావాలని చెప్పాలి.

పాత ఫైబర్ బోటు కొంటుంటే ఈ పనులు చేయాలి:

- రూపాయి బిళ్లతో అడుగంతా తట్టుకుంటూ పోవాలి. టక్ టక్ అని గట్టిగా మోగాలి. డబడబ అని బోలుగా వినిపిస్తే పొరలు విడిపోయినట్టే.
- కొత్తగా రంగు వేసి ఉంటే అనుమానించాలి. పగుళ్లు, బొబ్బలు దాచడానికి రంగు వేస్తారు.
- ఇంజిన్ బిగించే వెనక పలకను రెండు చేతులతో ఊపి చూడాలి. లోపల చెక్క కుళ్లి ఉంటే కదులుతుంది, బోల్టు రంధ్రాల నుంచి తడి కారుతుంది.
- బోటు చెప్పిన బరువు కంటే బాగా ఎక్కువ అనిపిస్తే ఫోమ్ నీళ్లు తాగి ఉంటుంది.
- డబ్బులు ఇచ్చే ముందే నీళ్లలో దింపి, గంటసేపు నిలిపి, అడుగున తడి చూడాలి.

ఇంజిన్: ఎక్కువ హార్స్‌పవర్ అంటే ఎక్కువ వేగం కాదు

ఇక్కడే చాలామంది పైసలు పోగొట్టుకుంటారు. నీటిని తోసుకుంటూ పోయే పడవకు దాని పొడవును బట్టి ఒక వేగ పరిమితి ఉంటుంది. 18 అడుగుల బోటుకు అది గంటకు సుమారు 10 కిలోమీటర్లు. అంతకు మించి పోవాలంటే బోటు నీటి మీదికి లేచి జారాలి. వలలు, ఐస్, చేపలు, ముగ్గురు మనుషులతో అది కష్టం. కాబట్టి 5 నుంచి 10 హార్స్‌పవర్ చాలు. 20 పెట్టినా వెనక నురగ ఎక్కువవుతుంది తప్ప ఊరు దగ్గర కాదు.

టూ స్ట్రోక్ ఇంజిన్ తేలిక, రిపేరు సులువు, కానీ ఆయిల్ కలపాలి, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. ఫోర్ స్ట్రోక్ బరువు, ధర ఎక్కువ, ఖర్చు తక్కువ. పొడవాటి కడ్డీ చివర ఫ్యాన్ ఉండే లాంగ్ టెయిల్ మోటారు తక్కువ లోతుకు, మొద్దులున్న చోటుకు అనుకూలం. అడ్డం తగిలితే వెంటనే పైకి ఎత్తుకోవచ్చు. ఏది కొన్నా స్పేర్ పార్టులు ఎక్కడ దొరుకుతాయి, మెకానిక్ ఎంత దూరంలో ఉన్నాడు అన్నదే మొదటి ప్రశ్న. వేట సీజన్‌లో ఇంజిన్ పదిహేను రోజులు షెడ్‌లో ఉంటే మిగిలేది అప్పే.

ఇంజిన్‌తో వచ్చే ఎర్ర తాడును మణికట్టుకు కట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. మనిషి నీళ్లలో పడితే ఇంజిన్ ఆగిపోతుంది. లేకపోతే ఖాళీ బోటు గుండ్రంగా తిరిగొచ్చి ఫ్యాన్‌తో అదే మనిషి మీదికి వస్తుంది.

పెట్రోల్ విషయంలో సముద్రపు వేటగాళ్ల సూత్రం మంచిది. మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ఆపదకు. ఇంజిన్ ఎంత కొత్తదైనా రెండు తెడ్లు బోటులో ఉండాలి.

రోజుకు ఎంత పడుతుంది? కాగితం మీద లెక్క

ధరలు చోటును బట్టి, సైజును బట్టి మారతాయి. కింద ఇచ్చినవి లెక్క ఎలా వేయాలో చూపడానికి మాత్రమే. ఎవరి అంకెలు వాళ్లు పెట్టుకోవచ్చు.

బోటు 1,20,000 రూపాయలు, పదేళ్లు నిలుస్తుంది, ఏడాదికి 200 రోజుల వేట అనుకుంటే రోజుకు 60 రూపాయలు. ఇంజిన్ 1,00,000, ఎనిమిదేళ్లు అనుకుంటే రోజుకు 63. రోజుకు రెండు గంటల ఇంజిన్, గంటకు రెండు లీటర్లు, లీటరు 107 చొప్పున పెట్రోల్ 428.

ఇప్పుడు వడ్డీ. 2,20,000 రూపాయలను నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 52,800. వేట రోజుకు 264 రూపాయలు. అంటే బోటు, ఇంజిన్ రెండూ కలిపి అరిగేదానికి రెండింతల కంటే ఎక్కువ వడ్డీకే పోతుంది. అదే బ్యాంకులో 9 శాతానికి దొరికితే 99 రూపాయలే.

మొత్తం చూస్తే బయటి వడ్డీతో రోజుకు 815, బ్యాంకు వడ్డీతో 650. చేప కిలోకు 100 రూపాయలు చేతికొస్తే, పుట్టి మీద దొరికేదాని కంటే రోజుకు 8 కిలోలు అదనంగా పడితేనే బయటి వడ్డీతో కొన్న ఇంజిన్ బోటు గిట్టుబాటు. బ్యాంకు అప్పుతో అయితే ఆరున్నర కిలోలు. ఈ అదనపు చేప నిజంగా దొరుకుతుందా, కొనే వ్యాపారి ధర తగ్గించడు కదా అని ముందే చూసుకోవాలి. బోటు కోసం దళారి దగ్గర అడ్వాన్సు తీసుకుంటే చేప అతనికే, అతను చెప్పిన ధరకే అమ్మాల్సి వస్తుంది. అది కాగితం మీద కనిపించని వడ్డీ.

చాలామందికి మధ్య దారి ఒకటుంది. మొదట ఇంజిన్ లేకుండా ఫైబర్ బోటు, తర్వాత ఒకటి రెండు సీజన్ల లాభంతో చిన్న ఇంజిన్. అందుకే బోటు కొనేటప్పుడే వెనక పలక ఇంజిన్‌కు తగినట్టు మజ్బూత్‌గా కట్టించుకోవాలి. ఇద్దరు అన్నదమ్ములో, సొసైటీ సభ్యులో కలిసి కొనడం ఇంకో దారి. అలా కొంటే వంతులు, రిపేరు ఖర్చు, విడిపోయేటప్పుడు లెక్క మొదటిరోజే రాసుకోవాలి.

సర్కారు సాయం

కేంద్రం 2020లో మొదలుపెట్టిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పడవలు, వలలకు సాయం ఉంది. లబ్ధిదారులకు యూనిట్ ధరలో జనరల్ వర్గానికి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం దాకా సబ్సిడీ ఇస్తారు. ఇంట్లో ఆడవాళ్లు మత్స్య సహకార సంఘంలో సభ్యులైతే వాళ్ల పేరు మీద దరఖాస్తు ఆలోచించదగినదే. ముందే కొని బిల్లు పట్టుకుని పోతే సాయం రాకపోవచ్చు. మంజూరు తర్వాతే కొనాలి. జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో ఆ ఏడాది ఏ యూనిట్లు ఉన్నాయో అడిగి తెలుసుకోవాలి.

2018-19 నుంచి కిసాన్ క్రెడిట్ కార్డు మత్స్యకారులకూ ఇస్తున్నారు. ఇది పడవ కొనడానికి కాదు, వల, ఇంధనం, ఐస్ లాంటి రోజువారీ ఖర్చులకు. అప్పు సకాలంలో కడితే వడ్డీ 4 శాతానికి తగ్గుతుంది.

మత్స్యకారుల ప్రమాద బీమా కింద మరణానికి లేదా పూర్తి అంగవైకల్యానికి 5 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి రెండున్నర లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 25 వేల దాకా వస్తుంది. ప్రీమియం మత్స్యకారుడు కట్టక్కర్లేదు. పేరు నమోదు అయి ఉందా లేదా అన్నది చూసుకోవడం మాత్రం మన జిమ్మేదారీ.

అనుమతులు, హద్దులు

జలాశయంలో వేటకు మత్స్యశాఖ లైసెన్సు ఉండాలి. హైదరాబాద్ నుంచి సెలవు రోజు గాలంతో వచ్చేటోళ్లు కూడా స్థానికులను, అధికారులను అడగకుండా దిగకూడదు. శ్రీశైలం, సాగర్ ఒడ్డున చాలా భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అడవే. అక్కడ రాత్రి దిగడం, మంట వేయడం అటవీశాఖతో తంటా. అలివి వలల జోలికి పోవద్దు. పిల్ల చేపను కూడా ఊడ్చే ఆ వల మీద సోమశిల వైపు ఏళ్లుగా గొడవలు నడుస్తున్నాయి, పట్టుబడితే వలతో పాటు బోటు కూడా పోయే ప్రమాదం ఉంది. డ్యాం గేట్ల దగ్గర, పుట్టంగండి, ఎల్లూరు లాంటి ఎత్తిపోతల పంపుల ముందు నీరు లోపలికి లాగుతుంది కాబట్టి దూరంగా ఉండాలి. జూరాల వైపు ఉన్నవాళ్లు ఎగువన నారాయణపూర్ గేట్లు ఎత్తారన్న వార్త వింటే పుట్టి ఒడ్డుకు ఎక్కించాలి. కృష్ణలో మొసళ్లున్న చోట మసక చీకట్లో నడుము లోతులోకి దిగి బోటు తోయొద్దు.

కొన్న రోజే బోటులో ఉండాల్సినవి

మనిషికొక లైఫ్ జాకెట్, నీళ్లు తోడే డబ్బా, రెండు తెడ్లు, లంగరు, 30 మీటర్ల తాడు, ఈల, టార్చి, ప్లాస్టిక్ కవర్‌లో ఫోను. జాకెట్ సీటు కింద పెట్టడానికి కాదు, ఒడ్డు మీదే వేసుకోవడానికి. ఈత వచ్చినోడు కూడా వల కాళ్లకు చుట్టుకుంటే ఈదలేడు. లైఫ్ జాకెట్ల పైసలు మిగల్చడం కంటే బోటు రెండడుగులు చిన్నది కొనడం మేలు.

చివరగా, బోటు లోపలి వైపు పెద్ద అక్షరాలతో ఒక అంకె రాయించాలి: ఎంతమంది ఎక్కవచ్చో. ముగ్గురి బోటు అయితే 3 అని. జాతర రోజున చుట్టాలు ‘ఇంకొక్కరం ఎక్కుతాం’ అని అడిగితే నోటితో కాదనడం కష్టం. రాసిన అంకెను చూపడం కొంచెం సులువు.